తిరుగు వాయనం

ఆషాఢ అమావాస్య... బుధవారం... రాహుకాలం ప్రవేశించిన ఘడియ!

నడినెత్తిన సూర్యుడుండగానే బిళిగల్లు కోట బురుజు మీద గుడ్లగూబ కూసింది. ఒకసారి కాదు... ముమ్మారు! ఆ కఠోరధ్వనికి బురుజు పగుళ్ళలో నిద్రిస్తున్న గబ్బిలాలు గుంపుగా లేచి, పట్టపగటి వెలుగులో దిక్కుతోచక రాతిగోడలకు కొట్టుకున్నాయి. తూర్పున ఎక్కడో ఉరుము గొణిగింది. ఆ సాయంకాలం సూర్యగ్రహణం. ఈ శతాబ్దానికి ఇదే చివరిదని పత్రికలు వారం రోజులుగా హోరెత్తించినందువల్ల బెంగళూరులో సగం మంది కిటికీలు మూసుకుని ఇళ్ళలోనే ఉండిపోయారు. మిగిలిన సగంలో ఒక పదిమంది మాత్రం కాడుగోడి దాటి ఇంత దూరం వచ్చి, మల్లికార్జున్ వెంట కోట చూస్తున్నారు.

మల్లికార్జున్ మహామాంత్రికుడు. ఈ బిరుదును ఆయనకు ఆయనే ప్రసాదించుకున్నాడు. గంధపు పూసలు, కణతల దాకా సాగదీసిన కాటుక, మడమల మీద జీరాడే నల్లపట్టు జుబ్బా... భీతిగొలపడానికి కావలసిన సామగ్రిలో బజారులో దొరికేదంతా కొనుక్కున్నాడు. దొరకనిది విద్య. ఏ మహారణ్యంలోనో ఏళ్ళ తరబడి చేయవలసిన గురుశుశ్రూషను అర్ధాంతరంగా ముగించి, పావువంతు నేర్చుకుని, మిగిలిన ముప్పావు తనవంటి మేధావికి అనవసరమని తీర్మానించుకుని బెంగళూరు చేరాడు. బళేపేటలో ఒక పాత గాజుల గోదామును కొని, తెల్లసున్నం కొట్టించి, దానికి చిత్రశాల అని పేరు పెట్టాడు. ముందు హాలులో బొమ్మల అమ్మకం, వెనుక గదిలో క్షుద్రపూజ. రెండింటికీ వచ్చేది ఒకే రకం జనం: తమకు అర్థంకానిదల్లా విలువైనదని నమ్మేవాళ్ళు.

ఇంత హేళనకు పాత్రుడైన మనిషి నేర్చిన ఆ పావువంతు విద్య మాత్రం నిజమైనది... ఆనాటి ఘోరానికంతకూ మూలం అదే!

రాధికకు అప్పటికి అతని విద్య సంగతి తెలియదు. తెలిసిందల్లా అతని చరిత్రజ్ఞానం. మహిళా కళాశాలలో ముప్పై ఏళ్ళకు పైగా చరిత్ర చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఆమెకు, పొద్దుటి నుంచి అతని వ్యాఖ్యానం వినడం పంటికింద రాయిలా ఉంది. ఏనుగుల కొట్టాన్ని చూపించి నాట్యమండపం అన్నాడు. ధాన్యపు కొట్టును రాణివాసం అన్నాడు. మందుగుండు నిలవచేసే చీకటిగదిలో నిలబడి, ఇక్కడ పాళెగాడు కవులను సత్కరించేవాడని గద్గదస్వరంతో చెప్పాడు. వచ్చినవాళ్ళు తలలూపి ఫోటోలు తీసుకున్నారు. ఒక్కరూ ఆ గదికి కిటికీ ఎందుకు లేదని అడగలేదు.

ఆమె వచ్చింది శ్రీజ కోసం. శ్రీజ ఆమె అన్న కూతురు. తల్లిదండ్రులు ఇద్దరూ పోయాక, తొమ్మిదో ఏట నుంచి అత్త చేతి అన్నం తిని పెరిగిన పిల్ల. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఆదివారాలు బొమ్మలు గీస్తుంది. ఆ బొమ్మలను తన చిత్రశాలలో ప్రదర్శిస్తానని మల్లికార్జున్ మాట ఇచ్చాడు. పొద్దున కోట, సాయంత్రం చిత్రశాల, మధ్యలో భోజనం. ఒకరోజు విహారమన్నాడు. గ్రహణం రోజే ఎందుకని రాధిక అడిగితే శ్రీజ నవ్వింది.

"గ్రహణమంటే ఉత్త షాడో అని నాకు చెప్పిందే నువ్వు అత్తా. ఇప్పుడు నువ్వే సెంటిమెంట్ మాట్లాడితే ఎట్లా?"

తాను నేర్పిన పాఠం తనకే అప్పజెబితే కాదనడం ఎట్లా? కాబట్టి రాధిక వెంట వచ్చింది.

ఉత్తరద్వారానికి ఎక్కే మెట్ల దగ్గర ఆమె మోకాలు మొరాయించింది. మీరు వెళ్ళిరండి అని చెప్పి, మెట్ల కింద గోనెపట్టా నీడలో మజ్జిగ అమ్ముతున్న పిల్లమ్మ అనే ముసలామె దగ్గర కూర్చున్నది. పిల్లమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఏమమ్మా, నువ్వు పోల్యేదా వాళ్ళ ఎంబడి?"

"మోకాలు రానంటున్నది."

"నీ కాలికి నీకంటే బుద్ధి ఉండాది. ఈ పొద్దు మా ఊరి ఆడోళ్ళు ఎవురూ ఆ ఉత్తరం బాగిలి తట్టుకే పోరు. పోయేదే అయితే రెండు చేతులూ కొంగులో చుట్టుకోని పోవల్ల."

రాధికకు ఆ ఆచారమూ తెలుసు, దాని కారణమూ తెలుసు. నాలుగు వందల ఏళ్ళ కిందట పాళెగాడు ఈ కోట కట్టినప్పుడు ఉత్తరద్వారం లేచినదల్లా కూలింది. ఇంటి చిన్నకోడలిని గోడలో నిలిపితే నిలుస్తుందని జోస్యుడు చెప్పాడు. బలవంతంగా తోస్తే బలి చెల్లదు. ఆమె ఇష్టపడి నిలబడాలి. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది కనుక మోసం చేశారు. ఆషాఢ అమావాస్యనాడు అత్తగారు ఆమెను ఆ గోడసందులో నిలబెట్టి, నువ్వే గౌరీదేవివి అని చెప్పి, చేటలో పసుపు, గాజులు, రవికెగుడ్డ పెట్టి వాయనం ఇచ్చింది. ఆమె సంతోషంగా అందుకుని 'పుచ్చుకుంటినమ్మా వాయనం' అన్నది. అందుకున్న ఇల్లాలు తిరుగు వాయనం ఇచ్చేదాకా నిలిచినచోటు నుంచి కదలరాదని ఆ ఇంటి కట్టుబాటు. ఆమె చేటను ముందుకు చాచింది... అప్పటికే అత్తగారు రెండు చేతులూ కొంగులో చుట్టుకుని వెనక్కు తిరిగింది. రాయి మీద రాయి లేచింది. చివరి రాయి పడేదాకా లోపలి నుంచి ఒకటే మాట వినిపించిందట... 'ఇస్తినమ్మా వాయనం... ఇస్తినమ్మా వాయనం...'

ఆ వాయనం ఈనాటికీ ఆమె చేతిలోనే ఉంది. పుచ్చుకున్నవాళ్ళు ఆమె స్థానంలో నిలవాలి, ఆమెకు విముక్తి కలగాలి. ఎవరు పుచ్చుకుంటారు? అందుకే చేతులు దాచుకోవడం.

ఈ కథను రాధిక తరగతి గదిలో ఎన్నోసార్లు చెప్పింది. కోడళ్ళను ఇళ్ళు ఏంచేస్తాయో చెప్పడానికే తప్ప, గోడలో ఎవరో ఉన్నారని నమ్మి కాదు. అసలు వాయనాల సంగతే ఆమె లెక్కచేయడం మానేసింది. భర్త పోయిన నాటి నుంచి పాతికేళ్ళుగా ఏ పేరంటంలోనూ ఎవరూ ఆమె చేతిలో ఒక వాయనం పెట్టలేదు. చేటలన్నీ ఆమె ముందు నుంచే, ఆమెను దాటుకుంటూ పోయేవి. మొదట్లో బాధపడింది. తరువాత నవ్వుకున్నది. ఇప్పుడు పిలిచినా వెళ్ళదు.

పిల్లమ్మ మజ్జిగ గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించింది.

"ఆ జుబ్బా ఆయప్ప పోయిన వారమే వచ్చినాడు. మనుషుల్ని పెట్టి ఆ గోడలో రాయొకటి తీపిచ్చినాడు. ఏమిటికప్పా అంటే, నీ మజ్జిగ నువ్వు చూసుకో ముసిలిదానా అన్నాడు. లోపల చేట ఉండాదంట. అట్లే ఉండాదంట, చెదలు గూడా పట్టకుండా."

రాధిక గ్లాసు కింద పెట్టేసింది. గోడలో రాయి తీయించినవాడు, ఈ అమావాస్యనాడే, ఈ ఘడియలోనే ఆడపిల్లలను వెంటబెట్టుకుని అక్కడికి ఎందుకు వెళ్ళాడు? కారణం లేని కార్యం ఉండదని జీవితమంతా చెప్పిన మనిషికి ఆ ప్రశ్న వేసుకున్నాక మోకాలు అడ్డం రాలేదు.

ద్వారం లోపల పట్టపగలే సంధ్యాంధకారం! ముందువాళ్ళంతా నోరు మెదపకుండా నిలబడి ఉన్నారు. మౌనం పాటించండి, ఇది ఒక కళానుభవం అని మల్లికార్జున్ ఆదేశించాడట. గోడలో రాయి తీసిన కన్నం నల్లగా నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు శ్రీజ... ఆమె చేతుల్లో చేట! అతను చూపించగానే అపురూపమైన వస్తువు కదా అని ముచ్చటపడి, చేయిచాచి అందుకున్నది. ఆ చేట కాలానికి నల్లబడి రాతిపలకలా ఉంది. అందులో పసుపు మసిగా మారింది, రవికెగుడ్డ బూడిదై అంటుకుపోయింది. ఆకుపచ్చ గాజులు మాత్రం నిన్న కొన్నట్లు తళతళలాడుతున్నాయి.

"శ్రీజా!"

ఆ పిల్ల తల తిప్పలేదు. రెప్ప వేయలేదు. ఆమె పెదవుల మధ్య నుంచి వెలువడిన స్వరం ఆమెది కాదు... పాతాళకూపం అడుగు నుంచి తోడినంత చల్లని స్వరం!

"ఇస్తినమ్మా వాయనం..."

గుంపులోని ఇద్దరు ఇల్లాళ్ళు కెవ్వుమని వెనక్కు తగ్గారు. మల్లికార్జున్ చటుక్కున వాళ్ళకూ శ్రీజకూ మధ్య నిలబడి, నల్లశాలువ ఒకటి శ్రీజ తలమీద కప్పి ఏదో గొణిగాడు. స్వరం ఆగిపోయింది. పాపం, ఎండదెబ్బ తగిలింది, మీరంతా వ్యానులో ఇళ్ళకు వెళ్ళండి, ఈ అమ్మాయిని నేను డాక్టరుకు చూపిస్తానని ఆడవాళ్ళనందరినీ త్వరత్వరగా సాగనంపాడు. రాధిక శ్రీజ చేయి పట్టి లాగింది. మంచుగడ్డలా ఉన్న ఆ చేయి రాతిస్తంభానికి అతికించినట్లు ఒక్క అంగుళం కదలలేదు. మల్లికార్జున్ జుబ్బా జేబులో నుంచి ఒక పుర్రె తీసి ముందు నడిస్తే మాత్రం, దానివెనుకే అడుగులో అడుగు వేసుకుంటూ కదిలింది.

"నేనూ వస్తాను," అన్నది రాధిక.

అతను ఆమె బోసి నుదురు, నల్లపూసలు లేని మెడ పరీక్షగా చూశాడు. ఆ కాటుక కళ్ళలో ఒక లెక్క సరిపోయిన తృప్తి కనిపించింది.

"పెద్దావిడ రావచ్చు. ఆమె వల్ల మనకు ఇబ్బంది లేదు."

పేరంటాలలో చేటలు దాటించే చూపు అది. రాధిక దాన్ని పాతికేళ్ళుగా ఎరుగును.

టాటా సుమోలో శ్రీజ వెనుక సీటులో కూర్చోగానే బండి వెనుకభాగం నేలకు కుంగింది. డ్రైవరు ఆవులప్ప రెండుసార్లు దిగి టైర్లు చూసి, బండి లాగలేదు సార్, మెటల్ లోడు ఏసినట్టు ఉండాది అని సణిగాడు. రాధిక పక్కన కూర్చున్నవాడు రాజగోపాల్, పొద్దుటి నుంచి గుంపులో ఉన్నవాడే. పన్నెండు అంతస్తుల భవనం కడుతున్న బిల్డరు. ఆ భవనపు నేలమాళిగ గోడ రెండుసార్లు కూలింది. మల్లికార్జున్‌ను ఆశ్రయించింది అందుకేనని అతను దాచకుండా చెప్పాడు. ఏదో పూజ అన్నారు మేడం, ఈ అమ్మాయి సంగతి నాకేమీ తెలియదు అని కిటికీలో నుంచి బయటికి చూస్తూ నుదురు తుడుచుకున్నాడు.

"ఇనుము తక్కువ వేస్తే గోడ కూలుతుంది. దానికి దయ్యం దేనికయ్యా?" అన్నది రాధిక. "ఒక్కటి చెప్పు. ఆ చేట తీసుకునేటప్పుడు మా అమ్మాయి నోరు తెరిచి ఏమైనా అన్నదా?"

"లేదు మేడం. ఎవ్వరూ ఒక్క వర్డ్ కూడా మాట్లాడొద్దని సార్ ముందే స్ట్రిక్ట్‌గా చెప్పారు."

'పుచ్చుకుంటిని' అన్న మాట శ్రీజ నోట రాలేదన్నమాట. అనలేదంటే పుచ్చుకోలేదు. మోస్తున్నది, అంతే. బరువు మోసేవాళ్ళను దింపవచ్చు. ఎట్లా దింపాలన్నదే ప్రశ్న. బెంగళూరు చేరేదాకా ఆ ప్రశ్నను ఆమె అన్ని వైపుల నుంచీ పరిశీలించింది. జవాబు ఒక్కటే వచ్చింది. అది సుఖమైన జవాబు కాదు.

బళేపేటలో గాజుల దుకాణాలన్నీ గ్రహణానికి ముందే తలుపులు వేసుకున్నాయి. ఎప్పుడూ భుజాలు రాసుకుంటూ నడిచే ఆ సందులలో శ్మశాననిశ్శబ్దం! ఆకాశంలో కృష్ణమేఘాలు పర్వతాలై పేరుకుంటున్నాయి. చిత్రశాల హాలులో తెల్లగోడల మీద బొమ్మలు వరుసగా ఉన్నాయి. మధ్యలో ఒక చుక్క పెట్టి 'విశ్వం' అని పేరు రాసిన గుడ్డ ఒకటి, ఆ చుక్క కూడా లేకుండా 'శూన్యం' అన్నది మరొకటి. తోలుబొమ్మల సీతమ్మను కోసి దీపానికి గొడుగు చేశారు. ఈ దేశంలో దోపిడీ అన్నది కోటగోడలతో ఆగలేదని రాధిక అనుకున్నది.

వెనుక గదిలో ప్రధానగోడ మధ్య నిలువెత్తు గూడు ఒకటి తవ్వి ఉంది. సరిగ్గా ఒక మనిషి పట్టేంత. పక్కన ఇటుకల దొంతర, తడి సిమెంటు, ఒక తాపీ.

ఇక దాచవలసిన అవసరం లేదని మల్లికార్జున్ గొంతు పెంచాడు. కోటను నాలుగు వందల ఏళ్ళు నిలబెట్టిన శక్తి ఈ గోడలోకి దిగుతుంది. ఈ గోడ నుంచి ఒక్కొక్క ఇటుక తీసి ఒక్కొక్క భవనపు పునాదిలో వేస్తే చాలు. బెంగళూరులో రాత్రికి రాత్రి లేస్తున్న అద్దాల మేడలన్నీ ఇకమీద తన దయ మీద నిలబడతాయి. గ్రహణం పట్టు బిగించిన క్షణంలో చేట పట్టిన పిల్ల గూటిలోకి అడుగు పెట్టాలి. ఇటుకలు పేర్చేది రాజగోపాల్.

రాజగోపాల్ మొహం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది.

"పిల్లతో సహానా?"

"నువ్వు కోరిన గోడ ఇదే. వద్దంటే చెప్పు, నీ పన్నెండు అంతస్తులూ నీ నెత్తిన పడతాయి."

అతను తాపీ అందుకున్నాడు. పిరికితనానికి కూడా ఒక హద్దు ఉంటుందని రాధిక అంతవరకు అనుకునేది. నగరంలో ఇన్ని మేడలు కట్టినవాడికి తాపీ ఏ చేత పట్టాలో తెలియదని కూడా ఆమె గమనించింది.

మల్లికార్జున్ పుర్రెను పీఠం మీద పెట్టి కుంకుమ చల్లాడు. కామరూపంలో ఒక అఘోరి దీన్ని తన తపోధనంగా ప్రసాదించాడని గంభీరంగా ప్రకటించాడు. రాధిక కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది.

"దవడకు స్ప్రింగు బిగించిన రంధ్రాలు ఉన్నాయి. చెవి వెనుక సిరాతో అంకె కూడా వేశారు. ఏ మెడికల్ కాలేజీ నుంచి ప్రసాదించాడు?"

అతని కనుబొమ ముడిపడింది. సరిగ్గా అప్పుడు... కరెంటు పోయింది!

గ్రహణం పట్టింది. మేఘాల వెనుక ఎక్కడో రాహువు కోరలు దిగాయి. సాయంకాలపు వెలుగు బూడిదరంగుకు తిరిగి, సీసపురంగుకు దిగి, గవాక్షాల దగ్గరే చచ్చిపోయింది. పిడుగు ఒకటి పేటను చీల్చింది. గోదాము దూలం మీద ఎక్కడి నుంచి వచ్చిందో ఒక గుడ్లగూబ... కూసింది! హ్రీం... హ్రూం... ఫట్! మల్లికార్జున్ గొంతులో బీజాక్షరాలు బుసలు కొట్టాయి. ఆ అంకె వేసిన పుర్రె కనుగుంతలలో నీలిమంట వెలిగింది. విద్యార్థులు పరీక్షకు చదువుకున్న ఎముక అది, అయినా వెలిగింది! ఆ పావువంతు విద్య పనిచేస్తున్నది!

అతను శాలువ లాగేశాడు. శ్రీజ జుట్టు గాలి లేకుండానే చెదిరి ఎగిరింది. కళ్ళలో తెల్లగుడ్లు తప్ప ఏమీ లేవు. అడుగు వేస్తే నేల అదిరింది. ఒక అడుగు... రెండు... గూటి అంచు దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగింది. మెల్లగా తల తిప్పి రాధిక వైపు చూసింది. చేట ముందుకు చాచింది.

"ఇస్తినమ్మా వాయనం..."

మల్లికార్జున్ పకపకా నవ్వాడు.

"ఎవరికి ఇస్తున్నావే? ఆమె మొహం చూడు. బొట్టు లేదు, పుస్తె లేదు. విధవ పుచ్చుకుంటే వాయనం చెల్లుతుందటే? ముత్తైదువలను ఒక్కదాన్ని కూడా గడప తొక్కనివ్వలేదు నేను. ఈమెను రానిచ్చిందే లెక్కలో లేదని."

శ్రీజను ఆవహించిన ఆ గోడలోని కోడలు రాధిక మొహం చూడలేదు. చేతులు చూసింది. నాలుగు వందల ఏళ్ళుగా ఆమెకు కావలసినవి రెండు చేతులు. వాటి పైన నుదుటి మీద ఏముందో ఆమె అడగలేదు.

సుమోలో రాధికకు దొరికిన జవాబు ఇదే. ఒకరు నిలవక తప్పదంటే, ఇరవై మూడేళ్ళ పిల్ల బదులు తాను నిలవడం. ఆమె రెండు చేతులూ ముందుకు చాచింది. పాతికేళ్ళ తరువాత మొదటిసారి ఒక వాయనం కోసం దోసిలి పట్టింది. మాట వణకలేదు.

"మల్లికార్జున్, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, విను. ఇది ఎవరు పుచ్చుకుంటే వాళ్ళు ఆమె స్థానంలో నిలవాలి. ఆడవాళ్ళ నోము ఇది, నీకు తెలియదు. నేను నిలుస్తాను. నువ్వు మధ్యలోకి రావద్దు."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నమ్మి ఉంటే బతికేవాడు. కానీ ఆడవాళ్ళు చేటలు మార్చుకుంటూ చెప్పుకునే నాలుగు ముక్కలలో కూడా ఒక శాస్త్రం ఉంటుందని నమ్మడానికి అతని అహంకారం ఒప్పుకోలేదు. అతనికి కనిపించింది ఒక్కటే: ముసలిది చేట అందుకుంటే తాను మంత్రంతో కట్టిన శక్తి చేయిజారిపోతుంది. పులిలా దూకాడు. రాధికను భుజంతో పక్కకు తోసి, శ్రీజ చేతుల్లోని చేటను రెండు చేతులా లాక్కున్నాడు!

ఉరుము ఆగింది. గుడ్లగూబ ఆగింది. ఆ నిశ్శబ్దంలో చల్లని స్వరం అడిగింది.

"పుచ్చుకుంటివా?"

"పుచ్చుకున్నాలే," అన్నాడు అతను, విసుగ్గా. "ఇక లోపలికి నడు."

"నా వాయనం పుచ్చుకున్నదెవరు?"

"చెప్పకు," అన్నది కింద పడిన రాధిక. తన బదులు మరొకరు గోడలోకి వెళ్ళడాన్ని, ఆ మరొకరు ఇలాంటివాడైనా సరే, చూస్తూ ఊరుకోవడం ఆమెకు చేతకాలేదు.

అతను ఆమె వైపు తిరస్కారంగా చూశాడు. ముసలిది తనకంటే ముందు జవాబు చెప్పాలని చూస్తున్నదని అనుకున్నాడు.

"నేనే," అన్నాడు, ఛాతీ విరిచి. "మల్లికార్జునుణ్ణి."

చేటలోని గాజులన్నీ ఒక్కసారిగా ఘల్లుమన్నాయి!

ఆ ఘల్లు గోడలలోకి పాకింది. ఒకప్పుడు లక్షల గాజులు నిలవ ఉన్న గోదాము అది. నేలసందుల్లో, దూలాల పగుళ్ళలో మిగిలిపోయిన గాజుముక్కలన్నీ జవాబిచ్చినట్లు మోగాయి. మల్లికార్జున్ చేట కింద పెట్టబోయాడు. పెట్టలేకపోయాడు. అరచేతులు దానికి అతుక్కున్నాయి. అతని పాదాలు అతన్ని అడగకుండానే వెనక్కు నడిచాయి... గూటిలోకి! తడి సిమెంటు పాములా మెలికలు తిరుగుతూ లేచింది. ఇటుకలు ఒక్కొక్కటిగా ఎగిరి వచ్చి, ఏ తాపీ మేస్త్రీ పేర్చలేనంత తీరుగా వరుసలు కట్టాయి. రాజగోపాల్ తాపీ పారేసి వీధిలోకి పరుగెత్తాడు.

మల్లికార్జున్ తెలిసిన మంత్రాలన్నీ చదివాడు. అవన్నీ పట్టి బంధించే మంత్రాలు. విడిపించేవి గురువు చివరన చెబుతాడు... అవి ఆ ముప్పావు భాగంలో ఉన్నాయి! ఇటుకలు మోకాళ్ళు దాటాయి, నడుము దాటాయి. కాటుక చెంపల మీదికి కారింది. పుర్రెలో నీలిమంట ఆరి, అది మళ్ళీ ఒక అంకె వేసిన ఎముకగా మిగిలింది.

"అమ్మా..." అతని గొంతు పీలికలైంది. చేట ముందుకు చాచాడు. "అమ్మా, పెద్దమ్మా... ఇస్తినమ్మా వాయనం..."

రాధిక గోడ ఆసరాతో లేచి నిలబడింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకున్నది.

"విధవను కదా, నాయనా," అన్నది. "నాకు చెల్లదు."

చివరి ఇటుక కూర్చున్నది.

గ్రహణం విడిచింది. గవాక్షంలో నుంచి పడిన తడివెలుగులో శ్రీజ నేలమీద సోలిపోయి ఉంది. ఆమె పక్క నుంచి ఎవరో ఒకావిడ లేచి వెళ్ళడం రాధిక చూసింది. శ్రీజ కంటే పెద్దదేమీ కాదు. పసుపుపూసిన పాదాలు, వెడల్పు అంచు చీర. హాలులోని బొమ్మలను ఒక్కటీ చూడకుండా, వీధితలుపు దాటి వానలోకి నడిచింది. చేతులు ఖాళీ. చిన్నపిల్లలా ఆ రెండు చేతులూ ఊపుకుంటూ వెళ్ళింది.

"అత్తా," అన్నది శ్రీజ, కళ్ళు తెరిచి. "చేతులు లాగేస్తున్నాయి. భోజనం ఎప్పుడు పెడతారు వీళ్ళు?"

రాధిక ఆ చేతులను చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది.

ఆ సాయంకాలమే బిళిగల్లు కోట ఉత్తరద్వారం నేలకూలిందని మర్నాడు తెలిసింది. ఆ రోజు ఆడవాళ్ళెవరూ అటు వెళ్ళరు, గ్రహణమని మగవాళ్ళూ గడప దాటలేదు కనుక ఎవరికీ దెబ్బ తగలలేదు. మహామాంత్రికుడు హిమాలయాలకు వెళ్ళాడని అతని భక్తులు చెప్పుకున్నారు. రాజగోపాల్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. కూలిన గోడను మళ్ళీ కట్టించినప్పుడు మాత్రం ఇనుము సరిగ్గా వేశాడట. ఆ పని మొదటే చేసి ఉంటే ఈ కథ లేదు.

ఏడేళ్ళ తరువాత రోడ్డు వెడల్పు చేయడానికి ఆ గోదామును పడగొట్టారు. అన్నీ పడ్డాయి, ఒక్క గోడ తప్ప. యంత్రం పళ్ళు రెండుసార్లు విరిగాక, ఇంజనీర్లు ఆ గోడను వదిలేసి రోడ్డునే కొంచెం వంచారు. అంత గట్టి గోడ బళేపేటలో మరొకటి లేదు. అతను కోరుకున్నదీ అదే.

శ్రీజ సీమంతానికి గాజులు కొనడానికి వచ్చిన రాధిక, దుకాణంలో బేరం మధ్యలో ఆపి, ఆ గోడ దాకా నడిచింది. వాహనాల రొద సద్దుమణిగిన ఒక క్షణంలో ఇటుకల వెనుక నుంచి అరిగిపోయిన మగగొంతు ఒకటి వినిపించింది.

"ఇస్తినమ్మా వాయనం..."

ఆమె తల ఒకవైపు వంచి, చివరి బెంచీ విద్యార్థి అప్పజెప్పే పాఠం విన్నట్టు శ్రద్ధగా విన్నది. ఇన్నేళ్ళకు ఆ ఒక్క వాక్యం తప్పు లేకుండా నేర్చుకున్నాడు. ఫరవాలేదనుకున్నది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, ఆకుపచ్చ గాజుల బేరం పూర్తిచేయడానికి వెనక్కు తిరిగింది.